పిల్లరుకో తీరు నేల

భవనం కుంగడం ఒక్కటే దానికి ముప్పు కాదు. నాలుగు మూలలా ఒకే తీరుగా రెండంగుళాలు దిగిన ఇంట్లో గుమ్మం ముందు మెట్టు ఎత్తు మారుతుంది, డ్రైనేజీ పైపు అతుకు కదులుతుంది, అంతకుమించి పెద్దగా ఏమీ కాదు. ఒక పిల్లర్ దిగి పక్క పిల్లర్ కదలకపోతే మాత్రం సంగతి వేరు. తేడా అరంగుళమే అయినా ఆ రెండింటినీ కలిపే బీమ్ మీద డిజైన్‌లో లేని ఒత్తిడి పడుతుంది. కిటికీ మూలల నుంచి గోడ ఏటవాలుగా చీలుతుంది, తలుపులు ద్వారబంధాల్లో బిగుసుకుంటాయి. దీన్నే ఇంజినీర్లు అసమ కుంగుబాటు అంటారు. నేల ఎంత బరువు మోస్తుందన్నది ఒక ప్రశ్న. ఒకే ఇంటి అడుగున ఆ నేల ఎంత మారుతోందన్నది రెండో ప్రశ్న. మన దగ్గర మొదటిదానికే జవాబు వెతుకుతారు. ఇళ్లను బీటలు వార్చేది చాలాసార్లు రెండోది.

ఈ రెండో ప్రశ్న ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా ఉన్న ప్రాంతంలో ప్రత్యేకంగా వేయాల్సి వస్తుంది. సుమారు 120 కిలోమీటర్ల ఈ దారిలో నేల అడుగడుగునా రూపు మారుస్తుంది. ఖమ్మం చుట్టూ గ్రానైటు, నైస్ శిలలు. వాటి పైన గరుసు, మొరం, ఎర్ర చెల్క. మధిర వైపు పల్లపు భూముల్లో నల్లరేగడి. కొత్తగూడెం దగ్గరికి వచ్చేసరికి బొగ్గు పొరలున్న గోండ్వానా ఇసుకరాయి. కిన్నెరసాని, గోదావరి ఒడ్డుల్లో ఒండ్రు, ఇసుక. నది దాటి చింతూరు వైపు వెళ్తే తూర్పు కనుమల రాళ్లు, కొండవాలు మట్టి. ఒక మండలం నుంచి మరో మండలానికి మారితే పెద్ద చిక్కు లేదు. పునాది పద్ధతినీ దానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. చిక్కల్లా ఒకే రెండు వందల గజాల ప్లాటులో ఒక కొస గట్టి మొరం, మరో కొస పాత వాగు పూడిక అయినప్పుడే.

ఎంత తేడా ఎక్కువ? 1956లో స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ 98 భవనాలను పరిశీలించి ఇచ్చిన కొలతలు నేటికీ ఆధారంగా నిలుస్తున్నాయి. రెండు పిల్లర్ల మధ్య దూరంలో మూడు వందలో వంతు తేడా వస్తే గోడలు పగలడం మొదలవుతుంది. నూట యాభయ్యో వంతుకు చేరితే బీమ్‌లు, పిల్లర్లే దెబ్బతింటాయి. భారత ప్రమాణం ఐఎస్ 1904 ఇంకా జాగ్రత్తగా ఉండి, విడివిడి ఫుటింగులున్న కాంక్రీటు భవనాలకు 666వ వంతు దగ్గరే గీత గీసింది. నాలుగు మీటర్ల దూరంలో ఉన్న రెండు పిల్లర్లకు ఇది 6 మిల్లీమీటర్లు. మొత్తం కుంగుబాటు ఇసుక, గట్టి బంకమట్టి మీద 50 మి.మీ., మెత్తటి బంకమట్టి మీద 75 మి.మీ. దాకా ఉండవచ్చని అదే ప్రమాణం ఒప్పుకుంటుంది. 75 ఎక్కడ, 6 ఎక్కడ! నేల పరీక్ష నివేదికల్లో మొదటి అంకె తప్పకుండా కనిపిస్తుంది. రెండోది కనిపించేది తక్కువ.

ఒక చిన్న లెక్కతో ఈ తేడా తేలుతుంది. నాలుగు మీటర్ల దూరంలో రెండు పిల్లర్లు ఉన్నాయనుకుందాం. ఒకటి గట్టి మొరం మీద, రెండోది 2 మీటర్ల మందం ఉన్న మెత్తటి బంకమట్టి మీద. ఆ మట్టిలో ఖాళీల నిష్పత్తి 0.8, కుదింపు సూచిక 0.25. పొర మధ్యలో ఇప్పటికే ఉన్న ఒత్తిడి చదరపు మీటరుకు 4 టన్నులు, ఇల్లు లేచాక సగటున కలిసేది మరో 2 టన్నులు. మట్టి శాస్త్రవేత్త టెర్జాగీ చూపిన పద్ధతిలో లెక్క కడితే రెండో పిల్లర్ సుమారు 49 మి.మీ. దిగుతుంది. ఇది 75 కంటే తక్కువ కనుక నివేదికలో ‘అనుమతించదగినది’ అని రాసేయవచ్చు. మొరం మీది పిల్లర్ 5 మి.మీ. దిగిందనుకుంటే తేడా 44 మి.మీ., అంటే అనుమతించిన 6 మి.మీ.కు ఏడింతలు పైనే. నిష్పత్తిలో చెబితే సుమారు తొంభయ్యో వంతు. ఫ్రేమ్ బిగువు వల్ల బరువు కొంత పక్కకు సర్దుకుని ఈ తేడా తగ్గవచ్చు. ఎండి బిగుసుకున్న బంకమట్టి అయితే ఇందులో అయిదో వంతే దిగవచ్చు. ఆ సంగతి తేలాలంటే నేల నమూనా చెదరకుండా ప్రయోగశాలకు చేరాలి. కాగితం మీద మాత్రం ఒకే భవనం ఒక గీటురాయి మీద నెగ్గింది, రెండోదాని మీద ఘోరంగా ఓడింది.

నేల ఒకేలా ఉన్నా తేడా రావచ్చు. క్రమమైన గళ్లలో పిల్లర్లు వేసిన ఇంట్లో మూల పిల్లర్ మీద పడే స్లాబు భాగం కంటే నడిమి పిల్లర్ మీద పడేది దాదాపు నాలుగింతలు. గోడల బరువు కలిపితే ఈ నిష్పత్తి తగ్గుతుంది కానీ పోదు. అయినా అన్ని పిల్లర్లకూ నాలుగడుగుల గుంట ఒకే కొలతతో తవ్వించే అలవాటు ఊరూరా ఉంది. మేస్త్రీకి అది సులువు, కమ్మీ కట్టేవాళ్లకూ సులువు. ఫలితంగా నడిమి ఫుటింగ్ కింద ఒత్తిడి ఎక్కువ, మూలల్లో తక్కువ. దీనికి విరుగుడుగా ఫుటింగును పెద్దది చేస్తే చాలన్నది మరో అపోహ. ఒత్తిడి తగ్గిన మేరకు మేలు జరుగుతుంది నిజమే. కానీ వెడల్పు పెరిగిన కొద్దీ ఆ ఒత్తిడి మరింత లోతుకు పాకుతుంది. చదరపు ఫుటింగ్ ప్రభావం దాని వెడల్పుకు సుమారు రెండింతల లోతు దాకా ఉంటుంది. పై మీటరులో గట్టి మొరం ఉండి దాని కింద మెత్తటి పొర దాగిన చోట, చిన్న ఫుటింగ్ చూడని ఆ పొరను పెద్ద ఫుటింగ్ తట్టి లేపుతుంది.

బరువుతో సంబంధం లేకుండా కదిలే నేల నల్లరేగడి. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుదించుకుని అరచేయి పట్టేంత బీటలు తీస్తుంది. దీని ఉబ్బుడు ఒత్తిడి ఒంటి అంతస్తు ఇంటి పునాది మోపే ఒత్తిడిని మించిపోగలదు. అందుకే నల్లమట్టిలో మూడంతస్తుల భవనం కంటే రేకులిల్లు ముందు చీలుతుంది. ఇంటి అంచుల కింద మట్టి ఋతువులను బట్టి తడుస్తూ ఎండుతూ ఉంటే, కప్పు కింద ఉన్న నడిమి మట్టిలో తేమ ఆవిరైపోయే దారి లేక ఏళ్ల తరబడి పోగవుతుంది. నడిమి గచ్చు పైకి లేస్తుంది, అంచు గోడలు ఏటా దిగుతూ లేస్తూ ఉంటాయి. ఈ ఋతు కదలిక సాధారణంగా 3.5 మీటర్ల లోతుకు వచ్చేసరికి సద్దుమణుగుతుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన అండర్‌రీమ్డ్ పైల్, అంటే కొనలో ఉబ్బెత్తుగా తొలిచిన పైల్, ఆ లోతుకు దిగి పట్టు దొరకబుచ్చుకోవడానికి ఉద్దేశించినదే.

అడవి అంచున దీనికి చెట్టు కూడా తోడవుతుంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో కాగితం పరిశ్రమ కోసం పెంచే జామాయిల్ తోటలు ఊళ్లను ఆనుకునే ఉంటాయి. జామాయిల్ వేర్లు లోతైన పొరల నుంచి కూడా నీటిని తోడేస్తాయి. బంకమట్టిలో అలాంటి వరుస పక్కన ఇల్లు కడితే తోట వైపు పునాది కింద మట్టి ఎండి కుదించుకుంటుంది, అవతలి వైపు మామూలుగా ఉంటుంది. దీనికి తిరగేసిన ముప్పు అంతగా ఎవరి దృష్టికీ రాదు. తోట కొట్టేసి వెంటనే ఇల్లు కడితే, ఇన్నాళ్లూ ఎండిన మట్టి మెల్లగా నీరు తాగి కొన్నేళ్ల పాటు ఉబ్బుతూనే ఉంటుంది. పెకలించని మొద్దులు పుచ్చిపోయి మిగిల్చే గుల్లలు, పుట్టలు తొలగించి పైపైన పూడ్చిన చోట్లు మరో రకం మెత్తదనం. బంకమట్టి నేలల్లో చెట్టు ఎదిగినప్పుడు ఎంత ఎత్తుకు చేరుతుందో కనీసం అంత దూరంలో ఇల్లు ఉండాలన్నది మంచి మోటు లెక్క. ఎర్ర చెల్కలో, గరుసులో ఈ భయం దాదాపు అక్కర్లేదు.

అయితే చెల్క నేలలకు తమదైన మోసం ఉంది. గ్రానైటు చీకిపోయే తీరు సమంగా ఉండదు. ఒకచోట మూడడుగులకే బండ తగులుతుంది. పది అడుగులు పక్కకు జరిగితే ఇరవై అడుగులు తవ్వినా గరుసు మట్టే వస్తుంది. పైగా చీకిన మట్టి మధ్యలో చీకకుండా మిగిలిన గుండ్లు ఉంటాయి. గడ్డపార ఖంగుమనగానే బండ వచ్చిందని గుంట ఆపేస్తారు. అది నేలతల్లిని అంటిపెట్టుకున్న బండో, మట్టిలో తేలుతున్న గుండో ఆ శబ్దం చెప్పదు. ఖమ్మం పట్టణంలో గుట్టల పక్క కాలనీల్లో వాలును ఒక వైపు చెక్కి, ఆ మట్టినే మరో వైపు పోసి చదును చేసిన ప్లాట్లకూ ఇదే జబ్బు. సగం ఇల్లు తవ్విన గట్టి నేల మీద, సగం పోసిన మట్టి మీద నిలుస్తుంది. మొత్తం ఇల్లు పోసిన మట్టి మీదే ఉన్నా ఇంతకన్నా తక్కువ దెబ్బ తినేది.

గోదావరి ఒడ్డున మరో కారణం కలుస్తుంది, నీరు. భద్రాచలం దగ్గర నది 43 అడుగులకు చేరితే మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులను తాకింది, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. ఇంత ఎత్తున వచ్చిన నీరు రోజుల తరబడి నిలిచినప్పుడు వదులుగా పోసిన పూడిక మట్టి తన బరువుకే కుప్పగా దిగుతుంది. పైన ఇల్లు ఉందా లేదా అన్నదానితో దానికి పని లేదు. వరద తీసేటప్పుడు ఒడ్డులో నిండిన నీరు నది వైపు వెనక్కి పారుతుంది. సన్నని ఇసుక దొరికితే దాన్నీ వెంట తీసుకెళ్తుంది. పునాది కింద ఇసుక నలగడం ఒకటి, అక్కడి నుంచి వెళ్లిపోవడం మరొకటి. రెండోదాన్ని ఏ కుదింపు సూత్రమూ అంచనా వేయలేదు.

దీనికి రాష్ట్రమంతా చూసిన సాక్ష్యం భద్రాచలానికి ఎగువన ఉంది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బరాజ్ 7వ బ్లాకులో పియర్లు కుంగాయి, 20వ పియర్ దగ్గర పైన వంతెన కంటికి కనిపించేంత వంగింది. జాతీయ డ్యామ్ భద్రతా అథారిటీ బృందం పరిశీలించి, పునాది రాఫ్ట్ (కట్టడం అడుగంతా పరిచిన కాంక్రీటు పలక) కింది ఇసుక నీటితో పాటు జారిపోయి ఆధారం కోల్పోవడాన్ని ప్రధానంగా ఎత్తిచూపింది. ప్రణాళిక, డిజైన్, నాణ్యత తనిఖీ, నిర్వహణ అన్నింటిలోనూ లోపాలను పేర్కొంది. బరాజ్‌ను ఇంటితో పోల్చడం సాగదీతే అవుతుంది, అక్కడి నీటి ఒత్తిడి వేరు. కానీ ఇసుక జారే తీరు ఒకటే. నది ఒడ్డు పట్టణంలో పక్క ప్లాటులో సెల్లార్ తవ్వుతూ మోటార్లతో నీరు తోడడం, ఏళ్లుగా కారుతున్న నీళ్ల పైపు, మురుగు కాలువ పగులు, ఇవన్నీ ఇసుకను కొంచెం కొంచెంగా తరలిస్తాయి. నల్లమట్టి ఊళ్లలో పిల్లర్ పక్కనే ఇంకుడు గుంత తవ్వడం కూడా ఇలాంటి పనే. గుంత మంచిదే, దాని చోటు తప్పు.

బొగ్గు ప్రాంతానికి ప్రత్యేక తనిఖీ అవసరం. ఇల్లెందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గును గుర్తించాక, 1889 నుంచి తవ్వకం సాగుతోంది. భూగర్భ గనిలో పైకప్పుకు ఆధారంగా వదిలిన బొగ్గు పిల్లర్లను కూడా తీసేసి పైకప్పు కూలనిచ్చినప్పుడు నేల మీద పళ్లెం ఆకారంలో పల్లం ఏర్పడుతుంది. విశేషమేమిటంటే, ఆ పళ్లెం నడిమిలో ఎక్కువ లోతుకు దిగిన ఇంటికంటే, తక్కువ దిగిన అంచు మీది ఇంటికే ఎక్కువ నష్టం. నడిమి ఇల్లు చదునుగా దిగుతుంది, అంచు ఇల్లు ఒరుగుతుంది, సాగుతుంది. ఖాళీని గోదావరి ఇసుకతో నింపిన (స్టోయింగ్ చేసిన) చోట ఈ దిగుడు బాగా తగ్గుతుంది. తక్కువ లోతులో తవ్వి వదిలేసిన పాత గ్యాలరీలు మాత్రం దశాబ్దాల తర్వాత కూడా హఠాత్తుగా గుంతపడవచ్చు. ఇక్కడ మట్టి పరీక్ష కంటే ముందు అడగాల్సింది గని పటాన్ని.

భూకంపం సంగతి క్లుప్తంగా. ఈ గోదావరి లోయ ఐఎస్ 1893 (2016) పటంలో మూడో జోన్‌లో ఉంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర పుట్టిన ప్రకంపనలు ఖమ్మం దాకా తెలిశాయి. నీటితో నిండిన వదులు ఇసుక అలాంటి కుదుపులో క్షణకాలం పట్టు వదిలేస్తుంది. ఒడ్డున బహుళ అంతస్తుల నిర్మాణాలకు ఈ పరిశీలన తప్పనిసరి. చెల్క మీది చిన్న ఇంటికి అంతగా అక్కర్లేదు.

ఇక అంచనా ఎలా? మొదటి అడుగు యంత్రం కాదు, విచారణ. ఈ స్థలం ముందు చెరువు శిఖమా, వాగు దారా, పూడ్చిన బావా, ఇటుక బట్టీ గుంతా అన్నది ఊళ్లో పెద్దవాళ్లకు తెలుసు, రెవెన్యూ పటంలో ఉంటుంది. రెండోది, చుట్టుపక్కల మంచినీటి బోర్లు. గట్టి రాతి ప్రాంతంలో బోరు వేసేవాళ్లు బండ తగిలేదాకా కేసింగ్ పైపు దింపుతారు. ఎడమ ఇంటి బోరుకు ఇరవై అడుగులు, కుడి ఇంటి బోరుకు అరవై అడుగులు కేసింగ్ పడిందంటే మధ్యనున్న ప్లాటు అడుగున బండ ఏటవాలుగా దిగుతోందని అనుమానించాలి. పైసా ఖర్చు లేని ఈ సమాచారాన్ని ఏ నేల నివేదికా వాడుకున్నట్టు కనబడదు. ఇది పరీక్షకు బదులు కాదు. పరీక్ష ఎక్కడ చేయాలో చెప్పే సూచన.

తర్వాత గుంటలు. ఐఎస్ 1892 పాత కూర్పు (1979) ఎకరం స్థలంలో వచ్చే భవనానికి నాలుగు మూలల్లో ఒక్కొక్కటి, మధ్యలో ఒకటి చొప్పున బోర్లు చెప్పింది. చిన్న భవనమైతే నడుమ ఒక్కటి చాలంది. సమమైన నేలకు ఆ వెసులుబాటు సరిపోతుంది. ఖమ్మం–భద్రాచలం నేలకు సరిపోదు. నడుమ ఒక్క బోరు చెప్పేది నడిమి సంగతే, తేడా తెలియాలంటే కనీసం రెండు చోట్ల చూడాలి. చిన్న ఇంటికి యంత్రపు బోరు ఒకటి వేసి, మూలల్లో ఆరేడడుగుల గుంటలు తవ్వి మట్టి పొరలను కంటితో చూడడం, చేతి ఆగర్ దింపడం ఖర్చుకు తగిన దారి. పెద్ద స్థలాల్లో కోన్ పరీక్షతో గళ్లుగళ్లుగా నేలను తట్టి చూసి, తేడా కనిపించిన చోటే లోతు బోరు వేయడం మేలు.

బోరులో చేసే ప్రామాణిక పరీక్షలో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడేస్తారు. గొట్టం మొదటి 15 సెం.మీ. దిగడానికి పట్టిన దెబ్బలను వదిలేసి, తర్వాతి 30 సెం.మీ.కు పట్టిన దెబ్బలను ‘ఎన్’ విలువగా రాస్తారు. ఇసుకకు ఇది నమ్మదగిన సూచిక, బంకమట్టికి కొంతవరకే. గుండ్లున్న మట్టిలో ఈ అంకె పెద్ద అబద్ధమాడుతుంది, గొట్టం రాయికి తగిలితే మెత్తటి నేల కూడా గట్టిదనిపిస్తుంది. కాంట్రాక్టర్లు ఇష్టపడే ప్లేట్ పరీక్షకూ పరిమితి ఉంది. 30 సెం.మీ. పలక అరవై సెం.మీ. లోతునే తాకుతుంది. ఇసుక మీద ఆ పలక 5 మి.మీ. దిగితే, అదే ఒత్తిడితో మీటరున్నర ఫుటింగ్ సుమారు 14 మి.మీ. దిగుతుందని టెర్జాగీ–పెక్ సూత్రం చెబుతుంది. పలక కింద మీటరు లోతున మెత్తటి పొర ఉంటే ఆ లెక్క కూడా వృథాయే.

నల్లమట్టికి అసలైన పరీక్ష ఖరీదు లేనిది. సన్నగా జల్లించిన పది గ్రాముల మట్టిని రెండు కొలజాడీల్లో, ఒకదానిలో నీటితో, మరోదానిలో కిరోసిన్‌తో కలిపి ఒక రోజు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీటిలో ఎంత శాతం ఎక్కువ ఉబ్బిందో అదే స్వేచ్ఛా ఉబ్బుడు సూచిక. అది 50 దాటితే మామూలు ఫుటింగు మీద ఇల్లు కట్టే ఆలోచన మానుకోవాలి. పాలిటెక్నిక్ ప్రయోగశాలలో చేయగల పరీక్ష ఇది. కొత్తగూడెంలో మైనింగ్ కళాశాల ఉన్నచోటే ఇప్పుడు భూవిజ్ఞాన విశ్వవిద్యాలయం ఉంది. మండలాల వారీగా ఈ సూచికతో, బండ లోతుతో నేల పటం గీయడానికి అంతకన్నా తగిన చోటు ఉండదు.

ఈ వివరాలన్నీ చేతికొచ్చాక చేయాల్సిన లెక్క ఒక్కటే, కానీ తరచూ వదిలేసేదీ అదే. ప్రతి పిల్లర్‌కూ దాని బరువుతో, దాని కింది పొరలతో విడిగా కుంగుబాటు కట్టాలి. పక్కపక్క పిల్లర్ల మధ్య తేడాలు తీసి, ఆ దూరంతో భాగించి, 666వ వంతుతో సరిచూడాలి. స్థలమంతటికీ కలిపి ఒక సగటు ఎస్‌బీసీ (నేల భద్రంగా మోయగల ఒత్తిడి) ఇచ్చి చేతులు దులుపుకునే నివేదిక తేడాను లెక్కలోంచే చెరిపేస్తుంది. ఇక్కడ కాలాన్ని కూడా చూడాలి. ఇసుక మీది పిల్లర్ కట్టేటప్పుడే దిగి ఆగిపోతుంది. బంకమట్టి మీదిది గృహప్రవేశం తర్వాత నెలలు, ఏళ్లు దిగుతుంది. పొర మందం రెట్టింపైతే పట్టే కాలం నాలుగింతలు. అంటే స్లాబు వేసిన రోజున సరిగ్గా ఉన్న లెవెల్ రెండో ఏడాది ఉంటుందని భరోసా లేదు.

ఈ శాస్త్రమంతా పాత ఇళ్లకు ఎందుకు అవసరం కాలేదన్న ప్రశ్న సహజం. కోయ గూడేల్లో వెదురు తడికకు మట్టి మెత్తి, పైన గడ్డి కప్పిన ఇల్లు తేలిక, వంగుతుంది కూడా. గుంజ ఒకటి రెండంగుళాలు దిగినా గోడ దాంతోపాటే సర్దుకుంటుంది, పడిన బీటను మర్నాడు మట్టితో మెత్తేస్తారు. ఆ స్థానంలో ఇటుక గోడ, కాంక్రీటు స్లాబు వచ్చినప్పుడు ఇల్లు బలపడింది. తేడాను ఓర్చుకునే గుణం మాత్రం తగ్గింది. పైగా ఇటుక గోడ మీదే స్లాబు మోపే ఇళ్లకు ప్రమాణం కాంక్రీటు ఫ్రేమ్ కంటే ఇంకా కఠినం, వేలల్లో ఒక వంతు.

ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని ముఖ్యమంత్రి 2024 మార్చి 11న భద్రాచలంలోనే ప్రారంభించారు. ఇంటికి ఇచ్చే 5 లక్షల్లో మొదటి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాక వస్తుంది. డబ్బు దారి మళ్లకుండా ఈ ఏర్పాటు సరైనదే. పునాది దృష్టితో చూస్తే మాత్రం తనిఖీ ఆలస్యంగా జరుగుతోంది. బేస్‌మెంట్ లేచాక తీసే ఫొటోలో గుంట అడుగు కనిపించదు. ఒక మూల మొరం, ఒక మూల నల్లమట్టి వచ్చినా అప్పటికి అది కాంక్రీటు కింద ఉంటుంది. కాంక్రీటు పోయకముందు తెరిచిన గుంటలను మూలమూలా ఫొటో తీయించి, మట్టి పేరు రాయించే ఒక్క అడుగు కలిపితే సర్కారుకు పెద్ద ఖర్చు కాదు. నాలుగు వందల చదరపు అడుగుల ఇంటికి ఇంతకు మించిన నేల పరిశోధన అడగడం అత్యాశే.

భద్రాచలం పట్టణానిది వేరే చిక్కు. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనకు 1970లో వచ్చిన సవరణ, జనం నోట 1/70, ఆదివాసీ భూమిని కాపాడేందుకు పుట్టింది, ఆ అవసరం ఇప్పటికీ తీరలేదు. కానీ ఆ నిబంధన వల్ల హక్కు కాగితాలు లేనిచోట బ్యాంకు రుణం, ప్లాన్ అనుమతి రెండూ ఉండవు. నేల నివేదికను ఎవరైనా అడిగే ఘట్టాలు ఆ రెండే. నిర్మాణం ఆగదు, అడిగేవాళ్లే ఉండరు. 2025 మార్చి 26న పట్టణంలో నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం కుప్పకూలి ఇద్దరు కూలీలు చనిపోయారు. బలం లేని పాత కట్టడం మీద అంతస్తులు లేపారన్నది అప్పుడు ప్రధానంగా వినిపించిన ఆరోపణ. దాన్ని నేల కుంగుబాటు ఖాతాలో వేయడం తగదు. అయితే పాత ఫుటింగుల మీద కొత్త అంతస్తు వేసే ప్రతిచోటా ఈ వ్యాసం చెప్పే ప్రశ్న లేస్తుంది. ఇప్పటికే ఒక్కో తీరుగా దిగి సర్దుకున్న పిల్లర్ల మీద మళ్లీ బరువు పెడితే అవి మళ్లీ ఒక్కో తీరుగానే దిగుతాయి. భూమి హక్కు తగాదాతో ముడిపెట్టకుండా, కట్టడం భద్రతను విడిగా తనిఖీ చేసే అధికారం పంచాయతీకో, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకో ఉండాల్సిందే.

తేడా ఉందని ముందే తెలిస్తే మార్గాలున్నాయి. అన్ని ఫుటింగులనూ లోతు ఎంతైనా ఒకే పొర మీదికి దించడం మొదటిది. అది కుదరకపోతే బండ మీది సగాన్ని, పూడిక మీది సగాన్ని పై దాకా జాయింటుతో విడదీసి రెండు ఇళ్లుగా కట్టాలి. నల్లమట్టిని మీటరు దాకా తీసి మొరం పొరలుగా దిమ్మిస కొట్టడం, ఇంటి చుట్టూ నీరు ఇంకని గచ్చు పట్టీ వేయడం, ప్లింత్ బీమ్‌తో అన్ని పిల్లర్లనూ కట్టడం చిన్న ఇళ్లకు అందుబాటులో ఉన్నవి. రాఫ్ట్ తేడాను తగ్గిస్తుంది కానీ సర్వరోగ నివారిణి కాదు. వెడల్పు కనుక దాని ఒత్తిడి చాలా లోతుకు పోతుంది, ఇసుక జారిపోయే చోట దానికీ ఆధారం మిగలదని మేడిగడ్డ చూపింది.

ఇప్పటికే పగిలిన ఇంటికి మరమ్మతు కంటే ముందు పగులును చదవాలి. గోడలో ఏటవాలు పగులు ఏ వైపు పైకి ఎక్కుతోందో సాధారణంగా ఆ వైపు పునాది దిగినట్టు. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటే చివరలు దిగాయి, కింద వెడల్పయితే నడిమి భాగం దిగింది. 5 మి.మీ. లోపు పగులు సున్నం, రంగు పని. 15 దాటితే గోడను విప్పి కట్టాల్సి రావచ్చు. వెడల్పు కంటే కదలిక తీరు ముఖ్యం. పగులుకు అడ్డంగా చిన్న గాజు ముక్క అతికించి తేదీ రాసి ఉంచితే అది పగిలిన రోజు తెలుస్తుంది. మేస్త్రీల దగ్గరుండే నీళ్ల ట్యూబుతో గచ్చు మట్టాన్ని ఒకే గుర్తుల దగ్గర నెలకోసారి కొలిస్తే రెండు మూడు మిల్లీమీటర్ల తేడా కూడా దొరుకుతుంది. వానల్లో మూసుకుని ఎండల్లో తెరుచుకునే పగులు నల్లమట్టిది. దాన్ని ఏడాది పూర్తిగా చూడకుండా సిమెంటు కూరితే మరుసటి వానకు పక్కన కొత్తది లేస్తుంది. ఒకే దిశలో పెరుగుతూ, పెరిగే వేగం తగ్గుతూ ఉన్నది బంకమట్టి నలుగుడు. అది ఆగాక పూడిస్తే సరిపోతుంది. వరద తర్వాతో, పైపు పగిలాకో ఉన్నట్టుండి వచ్చినది ఇసుక జారుడు లేదా పూడిక కుప్పకూలడం. దానికి మాత్రం ఎదురుచూపు పనికిరాదు. ముందు నీటి దారి మూసి, బరువు తగ్గించి, మనుషులను బయటికి పంపాకే మిగతా పరిశీలన మొదలుపెట్టాలి.